ఆటగాని వెంట నడిచే సంగీతం

ఒక జానపద చిత్రంలో మాంత్రికుడు చీకటి గుహలో అడుగు పెట్టుచున్నాడు. గోడమీద కాగడా వెలుగు కదలుచున్నది. ఆ ఘట్టాన్ని ఒకసారి ధ్వనితో చూడండి. పిదప ధ్వనిని పూర్తిగా ఆపి అదే ఘట్టాన్ని మరల చూడండి. బొమ్మ మారలేదు, నటుడు మారలేదు, వెలుగునీడలు మారలేదు. అయినను భయం చాలవరకు తగ్గిపోవును. ఆ భయాన్ని కలిగించుటలో వాద్యబృందానికి ఎంత భాగం ఉన్నదో అప్పుడు తెలియును.

మంత్రతంత్రాలు, సాహసయాత్రలు, రాక్షసులు, నిధులు గల ఇట్టి కథలను సినిమావారు జానపదాలు అంటారు. నేటి బాలబాలికలు ఈ కథలను వెండితెరమీద కంటె వీడియో గేములలో ఎక్కువగా కలుసుకొంటున్నారు. ఈ రెండింటికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. సినిమాలో కథానాయకుడు గుహలో ఎంతసేపు ఉండునో దర్శకుడు ముందుగానే నిర్ణయించును. వీడియో గేములో కథానాయకుడు ఆటగాడే. ఒకడు గుహను అర నిమిషంలో దాటిపోవును. వేరొకడు దారి తెలియక అరగంట తిరుగును. మరొకడు ద్వారం దగ్గరనే భయపడి వెనుకకు మరలును.

ఎంతసేపు సాగునో, ఎటు తిరుగునో తెలియని ఘట్టానికి సంగీతాన్ని ముందుగా కూర్చుట ఎట్లు? ఇది వినుటకు సరికొత్త ప్రశ్నవలె తోచును. కాని మన పల్లెల రంగస్థలం మీది వాద్యగాండ్రు ఇదే ప్రశ్నను ఏనాడో ఎదుర్కొన్నారు. మధ్యలో సినిమా వచ్చి ఆ ప్రశ్నను పక్కకు నెట్టినది. కంప్యూటర్ దానిని తిరిగి ముందుకు తెచ్చినది. ఆ చరిత్రను క్రమంగా చూతము.

భాగవతుల పద్ధతి

గుడివాడకు, కైకలూరుకు నడుమ ఉన్న ఊరు మండవల్లి. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2022లో ఏలూరు జిల్లాలో చేరినది. ఒక ప్రక్క కొల్లేటి సరస్సు, మరొక ప్రక్క కృష్ణా డెల్టా పొలాలు. ఇక్కడికి నైరుతి దిక్కున, అదే డెల్టాలో కూచిపూడి ఉన్నది.

కూచిపూడి భాగవతంలో పాత్ర రంగం మీదికి వచ్చే తీరును గమనించండి. ఇద్దరు మనుష్యులు తెర పట్టుకొని నిలుచుందురు. భామాకలాపంలో సత్యభామ ఆ తెర వెనుకనుండి తన జడను ముందుకు వేయును. అప్పుడు పాడే పాటను ప్రవేశదరువు అంటారు. ఆ పాత్ర ఎవరో, ఎట్టి స్వభావం గలదో ఆ దరువు చెప్పును. అంటే ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క సంగీతపు గుర్తు ఉన్నదన్నమాట. ఐరోపాలో రిఛర్డ్ వాగ్నర్ అను జర్మను సంగీతకర్త తన గేయనాటకాలలో పాత్రలకు, ఖడ్గానికి, ఉంగరానికి సైతం ఇట్టి స్వరపు గుర్తులను కల్పించి ప్రఖ్యాతి పొందినాడు. దేవతలు, మరుగుజ్జులు, మహాసర్పం గల ఆయన నాలుగు నాటకాల మాల 1876లో బాయ్‌రాయిట్ పట్టణంలో తొలిసారి పూర్తిగా ప్రదర్శింపబడినది. వాగ్నర్ పద్ధతి వేరు, మన దరువు వేరు. కాని వినేవానికి పాత్రను గుర్తు చేయుటలో రెండూ ఒకే పని చేయును.

ఇక కాలం సంగతి. నర్తకి ఒక చరణానికి అభినయం పట్టుచున్నది. ప్రేక్షకులు తన్మయులై ఉన్నారు. ఆమె దానినే మరికొంత పెంచదలచినది. పాటగాడు అదే పంక్తిని మరల మరల పాడును. మృదంగం వాయించేవాని చూపు ఆమె పాదాల మీద ఉండును. తాళాలు పట్టిన సూత్రధారుడు ఆమె కనుసన్నను గ్రహించును. ఆమె ముగింపు సూచించగానే ముక్తాయింపు వేసి, తాళం సమం మీద అందరూ ఒక్కసారిగా నిలుతురు.

ఇందులో మూడు సూత్రాలు ఉన్నవి. మొదటిది ఆవృత్తి: విసుగు పుట్టకుండ ఒకే భాగాన్ని తిరిగి తిరిగి పాడుట. రెండవది గమనిక: ఆడేవారిని నిరంతరం కనిపెట్టి ఉండుట. మూడవది సంధి: తాళం చెడకుండ, సరియైన చోటనే ఒక భాగంనుండి మరొక భాగానికి మారుట. తోలుబొమ్మలాటలోను ఇంతే. బొమ్మలు యుద్ధం చేయునంతసేపు ఆడించేవారు కాళ్ళక్రింది చెక్కపలకలను దడదడ త్రొక్కెదరు. యుద్ధం ఆగగానే ఆ మ్రోత ఆగును.

కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం మాయాబజార్ వంటి నాటకాలను యంత్రతంత్రాలతో ఆడి పేరు తెచ్చుకొన్నది. అక్కడ పాత్రలు గాలిలో ఎగురును, వస్తువులు మాయమగును. ఏనాడైనను ఒక తాడు సకాలంలో కదలకపోతే హార్మోనియం వాయించేవాడు ఆ నాలుగు క్షణాలను స్వరాలతో నింపవలసినదే. సజీవమైన ఆటకు సజీవమైన వాద్యగాడు తోడుండుట చేత ఆ పని సాధ్యమైనది.

అడుగుల లెక్క

1932లో తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినది. టాకీతో సంగీతానికి ఒక కొత్త కొలబద్ద ఏర్పడినది. సినిమా ఫిలింమీద ఒక క్షణానికి, అనగా సెకనుకు, 24 బొమ్మలు నడచును. 35 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 బొమ్మలు పట్టును. కనుక సెకనుకు ఒకటిన్నర అడుగులు, నిమిషానికి 90 అడుగులు. వేయి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడచును. గుహలోని ఘట్టం 135 అడుగులైతే దానికి సరిగా నిమిషమున్నర సంగీతం కావలెను. ఎక్కువ పనికిరాదు, తక్కువ పనికిరాదు.

కూర్చిన చిత్రాన్ని తెరమీద వేసి, దానిని చూస్తూ నేపథ్య సంగీతం వాయించి పట్టుటను మన సినిమావారు రీరికార్డింగు అంటారు. అమెరికాలో 1933లో వచ్చిన 'కింగ్ కాంగ్' చిత్రానికి మాక్స్ స్టైనర్ వాద్యబృందం కొరకు విస్తారంగా సంగీతం కూర్చినాడు. బొమ్మతో చేసిన కోతికి ప్రాణం ఉన్నదని ప్రేక్షకులు నమ్ముటకు ఆ సంగీతం ఎంతో తోడ్పడినది. అద్భుతకథకు వాద్యబృందం ఎంత అవసరమో ఆనాడే ప్రపంచానికి తెలిసివచ్చినది.

తెలుగులో ఆ పనిని చేసి చూపిన వారిలో ముఖ్యుడు మండవల్లికి చేరువవాడే. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపాన చౌటపల్లిలో జన్మించారు. ఆయన తండ్రి మృదంగం వాయించేవారు, పిల్లవానిని భజనలకు వెంట తీసికొని వెళ్ళేవారు. పిదప ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చేరి, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిష్యరికం చేశారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ఆయనను తెలుగువారు గాయకునిగా ఎక్కువగా స్మరిస్తారు. కాని మనకు ఇక్కడ కావలసినది ఆయన సంగీత దర్శకత్వం.

1951లో విజయా సంస్థవారి 'పాతాళ భైరవి' వెలువడినది. దర్శకుడు కె.వి. రెడ్డి, సంగీతం ఘంటసాల. తోటరాముడనే సాహసి, నేపాళ మాంత్రికుడు, కోరిన కోర్కెలు తీర్చే దేవత, పాతాళ గుహ: నేటి సాహసపు వీడియో గేములలో కనబడే సరంజామా అంతయు అందులో ఉన్నది. 1957లో అదే సంస్థ 'మాయాబజార్' తీసినది. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకొనగా, మిగిలిన సంగీతం పనిని ఘంటసాల పూర్తిచేశారు.

ఆ చిత్రంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పాడే పాటను తలచుకొనండి. తెరమీద కనబడేది సావిత్రి. వినబడేది పి. సుశీల గొంతు. నడుమ ఒక్కచోట ఘంటసాల మగగొంతు దూసుకొని వచ్చును. ఆడవేషం లోపల రాక్షసుడున్నాడని బొమ్మ చెప్పని సంగతిని ధ్వని చెప్పును. వినేవానికి నవ్వు వచ్చును, కథ అర్థమగును. కథలోని రహస్యాన్ని సంగీతం ఎట్లు మోయగలదో విద్యార్థికి చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆ రోజులలో గాయకులు, వాద్యగాండ్రు అందరూ ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మొదటినుండి ఆరంభించవలసినదే. తరువాతి తరాలలో ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా పట్టి కలుపుట వచ్చినది. 1961లో కొవ్వూరులో జన్మించిన ఎం.ఎం. కీరవాణి 2015లోను, 2017లోను వచ్చిన 'బాహుబలి' రెండు భాగాలకు పెద్ద వాద్యబృందపు ధోరణిలో సంగీతం కూర్చారు. ఆయనకే 2023లో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని పాటకు ఆస్కార్ బహుమానం లభించినది.

ఇట్లు సినిమా వాద్యబృందానికి మహత్తర స్థానం ఇచ్చినది. కాని భాగవతుల మూడు సూత్రాలలో ఒకటి, గమనిక, పూర్తిగా పోయినది. చిత్రం ఎన్నిమార్లు ఆడినను సంగీతం అదే క్షణంలో అదే స్వరం పలుకును. ప్రేక్షకుడు ఏడ్చినను, నిద్రించినను దానికి పట్టదు.

ఇరుకు చోటిలో స్వరాలు

'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పెట్టె ఉన్నది. మూత తీసి చూచినవారికి తమకు ఇష్టమైనది అందులో కనబడును. కంప్యూటర్ తెరను చూచిన తెలుగువారికి ఆ పెట్టె జ్ఞాపకం వచ్చుట సహజం. అయితే కంప్యూటర్ చూపుటతో ఆగదు. మన చేతి కదలికను అది కనిపెట్టి, దాని ప్రకారం నడచుకొనును.

1978లో జపానులోని టైటో సంస్థ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసినది. దీనిని నిర్మించినవాడు తొమోహిరో నిషికాడో. పైనుండి శత్రువుల వరుసలు దిగుచుండగా నాలుగే నాలుగు మంద్రస్వరాలు మ్రోగుచుండును. ఆటగాడు శత్రువులను కూల్చినకొద్దీ మిగిలినవారి వేగం హెచ్చును, స్వరాల వేగమూ హెచ్చును. ఆటగాని గుండె కూడ అట్లే కొట్టుకొనును. నాలుగు స్వరాలే అయినను, అవి ఆటను అనుసరించి మారినవి. పోయిన గమనిక తిరిగి వచ్చినది.

1983లో నింటెండో సంస్థ ఫామికామ్ అనే ఇంటి ఆటయంత్రాన్ని విడుదల చేసినది. అందులోని ధ్వని భాగానికి ఐదే గొంతులు. రెండు రాగం పలుకుటకు, ఒకటి మంద్రస్వరానికి, ఒకటి బుసబుసమనే చప్పుడుకు, ఒకటి చిన్న ధ్వని నమూనాలకు. దీనికే కోజీ కోండో 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' సంగీతం కూర్చినాడు. ఆ ఆటలో సమయం మించిపోవుచున్నప్పుడు పాట వేగం హెచ్చును.

ఆ ఇరుకు ఎంతటిదో లెక్క వేసి చూడండి. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలచి దాచుదురు. ఒక్కొక్క కొలతకు 2 బైట్లు, కుడి ఎడమలకు వేరువేరుగా. కనుక ఒక సెకనుకు 44,100 × 2 × 2 = 1,76,400 బైట్లు కావలెను. 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం, బొమ్మలు, నియమాలు, సంగీతం అన్నీ కలిపి 40,960 బైట్లలో ఇమిడినది. అంత స్థలంలో సీడీ సంగీతం పావు సెకను కూడ పట్టదు! అందుచేత వారు ధ్వనిని దాచలేదు, స్వరలిపిని మాత్రం దాచినారు. ఏ స్వరం, ఎంతసేపు అని వ్రాసి ఉంచితే యంత్రం దానిని చదువుకొని అప్పటికప్పుడు పలుకును. పాట పుస్తకానికి, పాట రికార్డుకు గల భేదం ఇదే.

1986లో 'డ్రాగన్ క్వెస్ట్' వచ్చినది. కోట, రాజకుమారి, మహాసర్పం, వీరుని యాత్ర: ఇది అచ్చమైన జానపదం. దీనికి సంగీతం కూర్చిన కోయిచీ సుగియామా (1931–2021) అప్పటికే పేరుపడిన సంగీతకర్త. యంత్రానికి ఉన్నది రెండు మూడు గొంతులే అయినను ఆయన మనస్సులో వాద్యబృందాన్నే విని వ్రాసినాడు. 1987లో టోక్యోలోని సన్‌టోరీ సభాభవనంలో ఈ ఆట సంగీతాన్ని వాద్యబృందం కచేరీగా వాయించినది. 2021 జులైలో టోక్యో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో క్రీడాకారుల ఊరేగింపు ఈ ఆట సంగీతంతోనే మొదలైనది.

సంధి దొరికిన చోటు

ఆవృత్తి కుదిరినది, గమనిక కుదిరినది. ఇక మూడవది సంధి. పాట నడుమ ఉండగా ఆటగాడు ఒక గదినుండి మరొక గదికి పోయినాడు. మొదటి పాటను ఠక్కున తెంపి రెండవది మొదలుపెట్టితే చెవికి దెబ్బ తగిలినట్లుండును. అమెరికాలోని లూకాస్ ఆర్ట్స్ సంస్థలో మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ అనే ఇద్దరు సంగీతకర్తలు దీనికొక ఉపాయం కనిపెట్టి, ఐమ్యూజ్ అని పేరు పెట్టినారు. 1991లో 'మంకీ ఐలెండ్' అనే ఓడదొంగల సాహసపు ఆట రెండవ భాగంలో దానిని తొలిసారి ఉపయోగించినారు. ఆ ఆటలో ఒక ఓడల ఊరు ఉన్నది. ఆటగాడు ఒక్కొక్క కొట్టులోనికి పోగానే ఊరి పాటే ఆ కొట్టుకు తగిన వాద్యంలోనికి, తగిన నడకలోనికి మారును. బయటికి రాగానే మరల మొదటి పాటలో కలియును. ఎక్కడ మారవలెనో స్వరలిపిలోనే ముందుగా గుర్తులు వ్రాసి ఉంచుట ఇందలి రహస్యం. సూత్రధారుని కనుసన్న ఇక్కడ కంప్యూటర్ గుర్తుగా మారినది.

సీడీలు రాగానే నిజమైన వాద్యబృందాన్ని ఆటలో వినిపించుట సాధ్యమైనది. 1997లో 'లాస్ట్ వరల్డ్' అనే ఆటకు మైకేల్ జియాకినో కూర్చిన సంగీతాన్ని సజీవ వాద్యబృందం వాయించినది. ఇంటి ఆటయంత్రాలలో అట్లు వినిపించిన తొలి ఆటలలో ఇది ఒకటి. కాని ఒక చిక్కు వచ్చినది. స్వరలిపిని క్షణంలో మార్చవచ్చును. అరవైమంది కలిసి వాయించిన రికార్డును అట్లు మార్చుట సాధ్యం కాదు. ధ్వని ఇంపు పెరిగినది, లొంగుబాటు తగ్గినది.

దీనికి పరిష్కారం పొరలు. తీగవాద్యాలను ఒక పొరగా, గాలివాద్యాలను ఒక పొరగా, తాళవాద్యాలను ఒక పొరగా, ఒకే లయలో విడివిడిగా రికార్డు చేయుదురు. అన్ని పొరలు కలిసి నడచుచునే ఉండును. ఆటలో ప్రమాదం దగ్గరపడగా తాళవాద్యాల పొరను పైకి ఎత్తుదురు. ప్రమాదం తొలగగా దించుదురు. ఐదు పొరలు ఉంటే, ఒక్కొక్కటి వినిపించుట లేక వినిపించకుండుట అనే రెండు స్థితులలో ఉండవచ్చును. కనుక 2 × 2 × 2 × 2 × 2 = 32 కూర్పులు. అందులో ఒకటి పూర్తి నిశ్శబ్దం. ఒక్కసారి వాయించిన సంగీతం 31 రూపాలు ధరించినదన్నమాట. నేడు వైజ్, ఎఫ్‌మాడ్ వంటి కంప్యూటర్ సాధనాలు ఈ పనిని చేయుచున్నవి. 2011లో వచ్చిన 'స్కైరిమ్' ఆటకు జెరెమీ సోల్ కూర్చిన సంగీతం నాలుగు సీడీలు నిండినది. దానిని ఆడేవారు వంద గంటలకు పైగా ఆడుటయు కద్దు. సంగీతం ఎంత విస్తారమైనదైనను ఆవృత్తి తప్పదని దీనివలన తెలియుచున్నది.

కొల్లేటి కథకు కూర్చి చూతము

ఈ పద్ధతి తరగతిలో అర్థమగుటకు ఒక ఆటను ఊహించుదము. కొల్లేటి లంక గ్రామంలోని ఒక బాలుడు తప్పిపోయిన అన్నను వెదకుచు దోనెమీద బయలుదేరినాడు. కిక్కిస పొదలు, గూడబాతుల గుంపులు, తెల్లవారుజామున మంచు. బుడమేరు, తమ్మిలేరు సరస్సులో కలియు చోట్లు ఉన్నవి. ఉప్పుటేరు సరస్సును సముద్రానికి కలుపును. చివరకు కొల్లేటికోట చేరవలెను. నడుమ ఒక నీటి రాక్షసుడు.

బాలునికి ఒక గుర్తు స్వరం కావలెను. మోహన రాగం తీసికొందము. దీనికి ఐదే స్వరాలు: స రి గ ప ద. ఇప్పుడు ఒక విచిత్రం చూడండి. ఆ ఐదు స్వరస్థానాలను కదపక, శ్రుతిని మాత్రం మోహన గాంధారానికి మార్చి, దానినే షడ్జమంగా భావించితే వినబడేది హిందోళం. రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి. పంచమాన్ని చేస్తే శుద్ధసావేరి. సంగీతశాస్త్రంలో దీనిని గ్రహభేదం అంటారు. ఆటకు ఇది ఎంతో అనుకూలం. బాలుని పాట పొర అట్లే ఉండగా, క్రింద మ్రోగే తంబుర పొరను ఒక్కదానిని మార్చితే చాలు, వెలుగు నిండిన సరస్సు గంభీరమైన చీకటి సరస్సుగా మారును.

పొరలు ఐదు అనుకొందము: తంబుర, వేణువు, వయొలిన్ల గుంపు, డప్పు, నాదస్వరం. దోనె నెమ్మదిగా పోవునప్పుడు తంబుర, వేణువు. గాలి లేచినప్పుడు వయొలిన్లు కూడ. రాక్షసుడు వెంట పడినప్పుడు వేణువు ఆగి డప్పు వచ్చును. కొల్లేటికోట చేరినప్పుడు మాత్రమే నాదస్వరం. అంతవరకు దానిని దాచి ఉంచుటవలననే చివర దానికి బలం కలుగును.

ఇక సంధి లెక్క. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక్కొక్క దెబ్బకు 60 ÷ 80 = 0.75 సెకను. నాలుగు దెబ్బల ఆవృత్తానికి 3 సెకన్లు. రాక్షసుడు ఆవృత్తం నడుమ కనబడితే, ఆవృత్తం ముగిసినపిదప డప్పు మొదలగుటకు హెచ్చుపక్షం 3 సెకన్లు వేచి ఉండవలెను. అదే నిమిషానికి 60 దెబ్బల ఆదితాళమైతే ఎనిమిది అక్షరాల ఆవర్తనానికి 8 సెకన్లు. అంతలో రాక్షసుడు దోనెను ముంచివేయును! కాబట్టి సమం వరకు ఆగక, లఘువు ముగిసి ద్రుతం మొదలయ్యే చోట, అనగా ఐదవ అక్షరం మీద, మరొక సంధిని ఏర్పరచవలెను. తాళం తెలిసినవానికి ఈ చోట్లు సహజంగా తోచును. లెక్కల ఉపాధ్యాయుడు, సంగీత ఉపాధ్యాయుడు కలిసి చెప్పదగిన పాఠం ఇది.

మన వాద్యాల మాట

ఈ చరిత్రలో మనకు సంబంధించిన ఒక సమస్య మిగిలి ఉన్నది. ప్రతి ఆటకు అరవైమందిని పిలిచి వాయింపజేయుట ఖర్చుతో కూడినది. అందుచేత సంగీతకర్తలు ముందుగా రికార్డు చేసి ఉంచిన వాద్యధ్వనుల భాండాగారాలను వాడుదురు. ఒక వయొలిన్‌కు 40 స్వరాలు, ఒక్కొక్కదానికి నాలుగు స్థాయిల బిగ్గరదనం, ఐదు విధాల వాదనం చొప్పున పట్టితే 800 రికార్డులు అగును. పాశ్చాత్య వాద్యాలకు ఇట్టి భాండాగారాలు సమృద్ధిగా ఉన్నవి.

మన సంగీతానికి అది చాలదు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు, ఊగే స్వరం. ఆ ఊపును గమకం అంటారు. స్వరానికొక మెట్టు చొప్పున ఉన్న వాద్యంమీద అది పలుకదు. ఈ కారణం కూడ చూపి 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించినది. 1971లో ఆ నిషేధాన్ని సడలించినది. కంప్యూటర్ మీటలు కూడ పుట్టుకతో హార్మోనియం జాతివే. స్వరంనుండి స్వరానికి పోయే దారిని కూడ రికార్డు చేసినప్పుడే గమకం నిలుచును.

2020లో పుణేలోని నాడింగ్ హెడ్స్ సంస్థ 'రాజీ' అనే ఆటను విడుదల చేసినది. ఇది మన పురాణగాథల ఆధారంగా అల్లిన సాహసకథ. దానికి సంగీతం కూర్చినవాడు గ్రీసు దేశీయుడు లినోస్ జెలోస్. భారతీయ వాద్యాలను తమ ప్రాంతపు వాద్యాలతో కలిపి ఆయన శ్రద్ధగా పనిచేసినాడు. కళకు సరిహద్దులు లేవు, ఇందులో ఆక్షేపింపదగినది ఏమీ లేదు. కాని మన కథలకు ఆటలు పెరుగుచున్న ఈ కాలంలో మన నాదస్వరం, డప్పు, మృదంగం, మన దరువుల నడక శాస్త్రీయంగా రికార్డు కాకపోతే, వాటి స్థానంలో సులభంగా దొరికే ధ్వనులే వచ్చి చేరును. అప్పుడు కొల్లేటి రాక్షసుడు కూడ పరదేశపు బూరతోనే లేచును. ఆ ధ్వనులే వింటూ పెరిగే పిల్లలకు వాటిలోనే తమ కథ ఉన్నదని తోచును.

దీనికి కావలసిన శిక్షణ మూడు విధాలు: తాళజ్ఞానం, ధ్వనిశాస్త్రం, కంప్యూటర్. మొదటిది మన పల్లెలలో భజన మందిరాలలోను, హరికథలలోను ఇంకను లభించును. రెండవది ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర పాఠంలోనే మొదలగును. మూడవదానికి ఒక సాధారణ కంప్యూటర్ చాలును.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిన్న ప్రయోగం చేయించవచ్చును. ఒక విద్యార్థి గది నడుమ తన ఇష్టం వచ్చినట్లు నడవవలెను, ఆగవలెను, పరుగెత్తవలెను. నలుగురు విద్యార్థులు బల్లమీద తాళం వేయుచు అతని నడకను అనుసరించవలెను. ఐదవవాడు సూత్రధారుడై, మార్పు ఏ దెబ్బమీద జరుగవలెనో చేతితో చూపవలెను. పిదప ఆ నియమాలను కాగితంమీద వ్రాయించండి: అతడు ఆగితే ఏమి చేయవలెను, పరుగెత్తితే ఏ దెబ్బమీద వేగం మార్చవలెను? ఆ కాగితాన్ని చూచి, నడిచేవానిని ఎన్నడు చూడని మరొక నలుగురు వాయించగలిగితే, వీడియో గేముకు సంగీతం కూర్చుటలో మొదటి పాఠం ముగిసినట్లే.